కారణం: ఇష్టం లేక

ముందు సంగతి చెప్పేస్తాను. కడుపులో ఆగడం లేదు. నేను బీఏ పాసయ్యాను.

చెప్పాల్సిన వాళ్లందరికీ చెప్పాను, అక్కర్లేని వాళ్లకూ చెప్పాను. పాలు పోసే అతనికి చెప్తే "మీ బిడ్డనా అక్కా?" అన్నాడు. "నేనే" అన్నాను. పాల కొలత అట్లాగే పట్టుకుని నా నెరిసిన పాపిట వైపు ఓసారి చూశాడు. "మీరా!" అని, చెంబులో ఇంకో చుక్క ఎక్కువ పోశాడు. నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సెక్కాక కండక్టరమ్మ ఫ్రీ టికెట్టుకు ఆధార్ కార్డు అడిగింది. కార్డుతో పాటు మార్కుల మెమో కూడా చేతికిచ్చాను.

"గిదెందుకమ్మా నాకు?" అంది.

"ఊకెనే. సూడుర్రి."

చూసింది. వెనక సీటు ఆమెకు కూడా చూపించింది. ఇద్దరూ కలిసి నా మార్కులు ఒక్కొక్కటీ చదివారు. మా ఇంట్లో నాకు ముందు ఎవరికీ మార్కులు లేవు. బాపు వేలిముద్ర, అవ్వ వేలిముద్ర. నాతో పుట్టిన వాళ్లూ అంతే.

బోధన్ ఎందుకు వెళ్తున్నానంటే, నేను ఆరో తరగతిలో వదిలేసిన బడికి వెళ్లి ఈ సంగతి చెప్పాలని. అక్కడ నన్ను ఎరిగిన వాళ్లెవరూ ఉండరని తెలుసు. అయినా ఆ గోడలకైనా చెప్పాలనిపించింది. చేతిలో అరకిలో జిలేబీ పొట్లం.

ఊరు దగ్గరపడుతుంటే నా ముక్కు దానంతటదే కిటికీ వైపు తిరిగింది. నా చిన్నప్పుడు ఊరు కంటికి కనపడక ముందే ముక్కుకు తగిలేది. ఉడికే చెరకు రసం, మాడిన బెల్లం, దాని అడుగున పులిసిన మడ్డి వాసన. కొత్తవాళ్లు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు. మాకు మాత్రం ఆ వాసన వస్తుంటే బాపుకు పని ఉన్నట్టు లెక్క. మొన్న మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ చిమ్నీ కనపడింది. వాసన లేదు. ముక్కు కాసేపు వెతుక్కుని ఊరుకుంది.

బడిలో ఒక పడుచు సారు ఉన్నాడు. నేను బడి వదిలిన నాటికి పుట్టి కూడా ఉండడు. సంగతి విని లేచి నిలబడ్డాడు. "మేడం" అన్నాడు. నన్ను అట్లా పిలవడం అదే మొదలు.

"మీ పేరు పాత రిజిస్టర్ల ఉంటది మేడం. ఉండుర్రి, సూద్దాం" అని బీరువా తెరిచాడు. దుమ్ముకు ఇద్దరం తుమ్మాం. పేజీలు తిప్పీ తిప్పీ పట్టుకున్నాడు. నా పేరు, బాపు పేరు, పుట్టిన తేదీ అని ఎవరో ఊహించి వేసిన తేదీ, ఆ చివర్న 'బడి మానిన కారణం' అనే గడి. అందులో గుండ్రటి అక్షరాలతో రెండే మాటలు.

ఇష్టం లేక.

జిలేబీ పొట్లం ఇంకా నా చేతిలోనే ఉంది. పాకం కాగితంలోంచి దిగి వేళ్లకు అంటుకుంటోంది.

* * *

చెరకు బండ్లు ఫ్యాక్టరీకి వెళ్లే తోవ పక్కన మా వాడ. అవ్వ అంటే మాకు అమ్మ. నాన్నను బాపు అనేవాళ్లం. బాపు తల్లి బాపమ్మ కూడా మాతోనే ఉండేది. బాపు చెరకు ఆడే కాలమంతా ఫ్యాక్టరీలో కూలి. ఇంటికొస్తే ఆయన అంగీ కూడా తియ్యగా కంపు కొట్టేది. ఇంట్లో ఆడవాళ్లం బీడీలు చుట్టేవాళ్లం. గోనెసంచిలో తడిపి పెట్టిన తునికాకు వాన పడ్డ అడవి వాసన వేసేది. దాని పక్కనే ఒళ్లో చాట, చాటలో తంబాకు. ఆ పొడి గాల్లోనే ఉండేది, తలలో ఉండేది, జొన్నరొట్టె మీద ఎంత మూత పెట్టినా రొట్టెలోనూ ఉండేది. పచ్చిపులుసులో ముంచుకుని తింటే గొంతులో సన్నగా గీసుకుపోయేది. రొట్టె రుచే అది అనుకునేదాన్ని చాలా ఏళ్లు.

చుట్టిన బీడీలను మధ్యాహ్నం కార్ఖానాకు తీసుకెళ్లి అప్పజెప్పాలి. అక్కడ ఒక మునీము చాపమీద కూర్చుని కట్టలు చూసి తీసుకునేవాడు. ఒకనాడు మా ముందు నిలబడ్డ ఆడమనిషి తన చాట ఆయన ముందు పెట్టి, "నా బీడీలల్ల ఒక్కటి గుడ ఖరాబు లేదు సేటూ, సూసుకో" అంది.

"గట్లనా?" అని ఆయన నవ్వాడు. ఒక కట్ట తీసి పిడికిట్లో పెట్టి నలిపాడు. "ఇప్పుడు సూడు" అన్నాడు.

తర్వాత మా వంతు. అవ్వ తల వంచి, కొంగు భుజం మీదికి లాక్కుని, "ఏమో సేటూ, నాకేం తెలుస్తది? మీరే సూడుర్రి" అంది. మా కట్టలన్నీ లోపలికి వెళ్లాయి. ఒక్కటి కూడా విరగలేదు.

తిరిగొచ్చేటప్పుడు అవ్వ నా చెయ్యి నొక్కింది. "సూసినవా? గట్టిగన్నది, ఇరిగింది."

అట్లా నేను అవ్వ దగ్గర బీడీ కంటే ముందు 'ఏమో' నేర్చుకున్నాను. మా ఇంట్లో ఏదీ సూటిగా అనే అలవాటు లేదు. ఆకలవుతోందా అంటే ఏమో. జ్వరమా అంటే గావచ్చు. పక్కింటికి మజ్జిగ కోసం వెళ్తే వాళ్ల గడపలో నిలబడి, వాళ్ల బర్రె మంచిచెడ్డలు అడిగి, మబ్బు పట్టిందని చెప్పి, ఆఖరుకు "ఇంత సల్ల… ఉంటెనే… లేకుంటే తియ్యి" అనాలి. ఆ 'లేకుంటే తియ్యి' అనకపోతే పొగరు కింద లెక్క.

బడిలోనూ అదే నోరు. ఎక్కాలు నాకు బాగా వచ్చు. పెద్ద టీచరమ్మ ఒకసారి "ఏడు తొమ్మిదులు?" అని అడిగింది.

"అరవై మూడు గావచ్చు టీచర్."

తరగతి గొల్లుమంది. టీచరమ్మ కూడా నవ్వాపుకుంటూ, "అరవై మూడే. దాని వెనక ఆ తోక ఎందుకే?" అంది. ఆ రోజు నుంచి నా పేరే 'గావచ్చు' అయింది. "గావచ్చు వచ్చిందిరో!" అని మగపిల్లలు వాకిట్లోనే అరిచేవాళ్లు. ఏడుపొచ్చేది. ఎందుకేడుస్తున్నావంటే మళ్లీ "ఏమో" అనేదాన్ని.

ఆ చలికాలం చెరకు కొట్టేందుకు మరాఠీ వాళ్లు వచ్చి మా వాడ వెనక బీట్లో గుడిసెలు వేసుకున్నారు. ఏటా వచ్చేవాళ్లే, కానీ ఆ ఏడు వాళ్లలో నా ఈడు పిల్ల ఒకతె ఉంది. మోచేతుల దాకా పచ్చ గాజులు, చెంపకు ఎప్పుడూ మసి. వచ్చిన రెండో రోజే ఇత్తడి బిందెతో మా గడపలో నిలబడి, "పాణీ పాహిజే" అంది. నీళ్లు కావాలి. అంతే. బర్రె సంగతి లేదు, మబ్బు సంగతి లేదు.

ఆకు కత్తిరిస్తున్న అవ్వ చేతిలో కత్తెర ఆగిపోయింది. బాపమ్మ లేచి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఏం మాటనే పోరీ అది? ఇన్ని నీళ్లు పోస్తరా అనరాదు?"

ఆ పిల్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బాపమ్మ ముఖంలోకే చూస్తూ మళ్లీ "పాణీ పాహిజే" అంది. బాపమ్మ గొణుక్కుంటూ వెళ్లి బిందె నిండా పోసింది. పోసి, ఆ పిల్ల వెళ్లాక, "అడిగేటిదుంటే గట్ల అడగాలె గావచ్చు" అని తనలో తను నవ్వుకుంది.

మేము పిల్లలం చెరకు బండ్ల వెంట పరుగెత్తి గడలు గుంజేవాళ్లం. దొరికితే తొడ మీద ఒక దెబ్బ, దొరక్కపోతే చెరకు. నాకు ఎప్పుడూ దెబ్బే మిగిలేది. గుంజాలా వద్దా అని ఆలోచిస్తుండగానే బండి దాటిపోయేది, లేదా బండాయన తిరిగి చూసేవాడు. ఆ మరాఠీ పిల్లకు మాత్రం గుంజే పనే లేదు. బండి ముందుకు వెళ్లి నిలబడి చెయ్యి చాచి "ఊస్ పాహిజే" అనేది. బండాయన ఒక గడ విరిచి ఇచ్చేవాడు.

నన్ను చూసి నవ్వేది. చెరకు ముక్క నా ముక్కు ముందు ఊపుతూ, "పాహిజే కీ నకో?" అనేది. కావాలా, వద్దా? నేను సిగ్గుపడి, పాదంతో మట్టి గీరుతూ, నోట్లో నీళ్లు ఊరుతుండగా "ఏమో" అనేదాన్ని. ఆ పిల్ల 'అచ్ఛా' అని ఆ ముక్క తన నోట్లోనే పెట్టుకునేది. నా ఎదురుగా నిలబడి, రసం గడ్డం మీదికి కారుతుండగా, ముక్కంతా నమిలి పిప్పి ఉమ్మేది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. నాలుగో రోజు నాకు ఒళ్లు మండి, కళ్లు మూసుకుని "పాహిజే!" అని అరిచాను. కళ్లు తెరిచేసరికి చేతిలో రెండు ముక్కలున్నాయి.

విచిత్రం ఏంటంటే, ఆ మాట నాకు మరాఠీలోనే వచ్చేది. మా భాషలో "కావాలి" అని అనబోతే అవ్వ ముఖం, మునీము పిడికిలి గుర్తొచ్చేవి. పాహిజే అంటే మాత్రం ఎవరూ గుర్తొచ్చేవాళ్లు కాదు. రోజూ సాయంత్రం బీట్లోకి వెళ్లి ఆ పిల్లతో ఆ ఆటే ఆడేదాన్ని. రేగుపండ్లు పాహిజే. గాజు పాహిజే. ఉయ్యాల పాహిజే. ఇంటికొచ్చి గడప దాటగానే మళ్లీ ఏమో.

పసుపు ఉడకబెట్టే రోజులు వచ్చాయి. పొలాల వైపు నుంచి గాలి కొడితే మడ్డి వాసన మీద పసుపు ఆవిరి కలిసి వచ్చేది. ఒక పొద్దున్న చూస్తే బీట్లో గుడిసెలు లేవు, కాలిన రాళ్లు మాత్రమే ఉన్నాయి. ముందురోజే ఆ పిల్ల నా జడ పట్టుకుని, "రిబన్ పాహిజే" అంది. బడికి కట్టుకునే రిబ్బను. విప్పి ఇచ్చాను. వెళ్లిపోతానని చెప్పిందేమో మరి, నాకు అర్థం కాలేదు.

ఆ వారంలోనే అవ్వ బొటనవేలికి కత్తెర దిగి చీము పట్టింది. "పది రోజులు కూసో బిడ్డా, ఏలు మానేదాక" అంది. కార్ఖానా వాళ్లిచ్చిన ఆకంతా చుట్టి ఇవ్వకపోతే మళ్లీ ఆకు ఇవ్వరు. కూర్చున్నాను. వేలు పది రోజులకే మానింది. పదకొండో రోజు నేను లేవలేదు, లెమ్మని ఎవరూ అనలేదు. ఒళ్లో చాట, వీపు వెనక గోడ. ఎదురుగా తలుపులోంచి బడికి వెళ్లే పిల్లల కాళ్లు కనపడేవి. తలలు కనపడేవి కావు, మా తలుపు అంత పొట్టిది. ఏ కాళ్లు ఎవరివో పోల్చుకునేదాన్ని. గంట కొట్టేసరికి ఆ కాళ్లు కూడా ఉండేవి కావు.

అట్లాంటి ఒక సాయంత్రం, ఆ తలుపులోంచి గొడుగు ముందు వచ్చి, వెనక పెద్ద టీచరమ్మ వంగి వచ్చింది.

ఆమెకు పీట వేశారు. తంబాకుకు ఆమె నాలుగైదు సార్లు తుమ్మింది. బాపు పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. టీచరమ్మ చాలాసేపు చెప్పింది. లెక్కల్లో పిల్ల ముందుంది, ఏడు దాకా ఈ బడే, తర్వాత సంగతి తర్వాత చూద్దాం అంది. బాపు తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ విన్నాడు, తుడుచుకోవడం అయిపోయాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు.

"నేను వద్దన్ననా టీచరమ్మా? నాదేమున్నది? పిల్ల సదువుతనంటే సదువుతది. దాన్నే అడుగుర్రి."

అందరూ నా వైపు తిరిగారు.

"చెప్పు బిడ్డా" అంది టీచరమ్మ. "నీకు చదువుకోవాలని ఉందా?"

అవ్వ చేతిలో కత్తెర ఆగింది. నేను బాపును చూశాను. ఆయన దూలం వైపు చూస్తున్నాడు. అవ్వను చూశాను. తలెత్తలేదు, కత్తెర నోరు తెరుచుకుని ఆకు మీదే ఉంది. బాపమ్మ మూలన గోడకానుకుని కళ్లు చికిలించి చూస్తోంది. ఉందంటే ఆ ఆకంతా అవ్వ ఒక్కతే ఎట్లా చుడుతుంది? లేదంటే అబద్ధం. నా నాలుక మీద ఒక మాట సిద్ధంగా ఉంది, కానీ అది ఈ ఇంటి మాట కాదు.

"ఏమో టీచరమ్మా."

"ఏమో కాదు. ఉందను, లేదను. రెండిట్లో ఒకటి."

"మీరెట్లంటే గట్ల."

"నేను కాదే. నువ్వు."

గుడ్డిదీపం మీద పురుగు కొట్టుకుంటోంది. నా వేళ్లు వాటంతటవే ఒక ఆకు తీసుకుని చుట్టడం మొదలుపెట్టాయి.

"ఉన్నది… గావచ్చు" అన్నాను.

టీచరమ్మ నా వేళ్ల వైపు చూసింది. కోపం రాలేదు ఆమెకు. వస్తే బాగుండేది. గొడుగు తీసుకుని లేచి, తలుపు దగ్గర వంగుతూ, "సరే అయితే" అంది. ఆ గొడుగు వెళ్లిన కాసేపటికి అవ్వ కత్తెర మళ్లీ కదిలింది. కరక్, కరక్.

ఆ చప్పుడులోనే నేను పెద్దదాన్నయ్యాను. పెళ్లయి నిజామాబాద్ వచ్చినా ఒళ్లో చాట దిగలేదు. ఇల్లు మారింది, గోడ మారింది, వీపు వెనక గోడ మాత్రం ఉండనే ఉంది. నన్ను ఎవరైనా ఏమన్నా అడిగితే, అడిగిన వాళ్ల ముఖం చూసి వాళ్లకు ఏం కావాలో కనిపెట్టి అదే అనేదాన్ని. అత్తగారింట్లో నన్ను మంచిపిల్ల అన్నారు.

చాలా ఏళ్ల తర్వాత, పోయే ముందు సంవత్సరం, అవ్వ నా దగ్గర కొన్నాళ్లు ఉంది. ఒక మధ్యాహ్నం ఇద్దరం ఆకు కత్తిరిస్తూ ఉంటే, నేనే కదిలించాను. "ఆ రోజు టీచరమ్మ వచ్చిన నాడు, నీ కత్తెర ఎందుకాగిందే అవ్వా?"

అవ్వ గుర్తు చేసుకోవాల్సిన అవసరమే లేనట్టు వెంటనే అంది. "నువ్వు ఉన్నదంటవేమోనని."

"అంటే?"

"అంటే ఏంది? పంపుదమనుకున్న. మీ బాపమ్మ గుడ 'దాని వంతు నేను సుట్టుత తియ్, పోరిని పోనియ్యి' అన్నది ముందు రోజే. నువ్వన్లేదు గద."

"మరి నువ్వన్న అనరాదా, పంపుతనని!"

అవ్వ కత్తెర వైపు చూసుకుంది. "ఏమో బిడ్డా" అంది.

నాకు ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. బాపు నా మీద పెట్టాడు. అవ్వ నా నోటి కోసం ఆగింది. బాపమ్మ మూలన కూర్చుని చూసింది. నేను వాళ్ల ముఖాలు చూశాను. ఆ చిన్న గదిలో ఒక్కరూ వద్దనలేదు. వద్దనని నలుగురం కలిసి నన్ను ఆ గోడకు కూర్చోబెట్టాం.

ఆ తర్వాత నా చిన్నబిడ్డ, చదువు మానినవాళ్లు కూడా పరీక్ష రాసి డిగ్రీలో చేరొచ్చని ఎక్కడో విని ఫారం తెచ్చింది. "అమ్మా, ఉందా నీకు చదువుకోవాలని?" అంది. అదే ప్రశ్న, మాట కూడా మారలేదు. నేను సంతకం పెట్టాను. చాట పక్కన పుస్తకం పెట్టుకుని చదివాను, తంబాకు వాసన వేసే కాగితాల మీద నోట్సు రాసుకున్నాను, పాసయ్యాను. కానీ 'ఉంది' అని మాత్రం ఆ రోజు కూడా నోటితో అనలేదు.

* * *

పడుచు సారు ఆ గడి మీద వేలు పెట్టాడు. "గిదేంది మేడం? ఇష్టం లేకనా బడి బంద్ జేసింది?"

ఏమో అనే మాట అలవాటుగా పళ్ల దాకా వచ్చింది. ఆగాను. బయట మైదానంలో పిల్లలు అరుస్తున్నారు.

"కాదు సార్. అది తప్పు."

"ఆ… అప్పటి టీచర్లు ఏదో ఒకటి రాసిండ్రు గావచ్చు మేడం."

"గావచ్చు గాదు సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "టీచరమ్మది తప్పు లేదు. ఆమె ముమ్మారు అడిగింది. నేనే చెప్పలేదు. నాకు ఇష్టం ఉండె. మస్తు ఉండె."

సారు రిజిస్టరు వైపు, నా వైపు చూశాడు. ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "గిదాంట్ల దిద్దరాదు మేడం, పాత రికార్డు…"

"దిద్దమంటలేను. మీరిన్నరు గద. సాలు."

రిజిస్టరు మూసి, జాగ్రత్తగా బీరువాలో పెట్టాడు. పొట్లం విప్పి బల్ల మీద పెట్టాను. వాతావరణం తేలిక చెయ్యడానికో ఏమో నవ్వుతూ, "డిగ్రీ గుడ అయిపాయె. ఇగ ఇంకేం గావాలె మేడం మీకు?" అన్నాడు.

"ఎం.ఏ. పాహిజే" అనేశాను.

నాలుక కరుచుకున్నాను. నేను అనబోయింది 'గావాలె' అని. ఇన్నేళ్లు ఎక్కడ దాక్కుందో, ఆ పచ్చగాజుల పిల్ల మాటే ముందు దూకింది. సారు కళ్లు పెద్దవి చేశాడు. ఆయన తల్లి ఊరు మంజీర అవతలి ఒడ్డున అట, మహారాష్ట్ర. ఇంట్లో సగం మరాఠీయేనట. పడీ పడీ నవ్వి, పొట్లంలోంచి ఒక జిలేబీ తీసి నా ముందు పట్టుకున్నాడు.

"అందరికీ పంచుడేనా? మీకు పాహిజే కీ నకో?"

జిలేబీ నుంచి ఒక పాకం చుక్క బల్ల మీద పడింది.

"పాహిజే!" అని గట్టిగా అన్నాను. మైదానంలో ఆడుకుంటున్న పిల్లలు ఆట ఆపి కిటికీ వైపు చూశారు.